నావ పేరుకు పిట్టకు పెట్టుడు

గుండ్లరేవు హనుమండ్లుకు దిమాక్ ఖరాబైందని జనం ఊకెనే అనలే. మనిషి మీద కోపమొస్తె మనిషిని తిడుతరు. మరీ కడుపు మండితె కొన్ని దినాలు మాట బంద్ చేస్తరు. గీయన పోయి పోయి నావ మీద పగబట్టిండు. అత్త మీది కోపం దుత్త మీద తీసుడంటె గిదే మరి! ఆ నావ చేసిన తప్పేందయ్యా అంటె, దాని మూతి మీద ‘కోమల’ అని పేరుండుడు.

కోమల హనుమండ్లు బిడ్డ. లేక లేక పుట్టిన ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల పుట్టిన యాడాదే నావ సుత తయారైంది. గంగ మీద నావలు నడుపుకునేటోళ్లకు నావంటె ఉత్త కట్టె గాదు. పేరు పెట్టేదాక అది కట్టె, పేరు పెట్టినంక దానికి పానమొస్తది అంటరు. అందుకని పిల్లకు ఇరవై ఒక్కటోనాడు పేరు పెట్టినట్టే నావకు సుత పండుగ చేసి పేరు పెడుతరు. హనుమండ్లు పెండ్లాం సక్కుబాయి ఆ పొద్దు పరమాన్నం వండింది. పిల్లను నావల పండవెట్టి, ముందుగాల పిల్ల చెవుల, ఆ తర్వాత నావ పలకకు మూతి ఆనిచ్చి ‘కోమల, కోమల, కోమల’ అని పిలిచింది. రేవుల ఉన్నోళ్లంత నవ్వి, "ఏందిర హనుమండ్లూ, ఒక్క కాన్పుల ఇద్దరాడివిల్లలా నీకు!" అన్నరు. ఆయన మీసం దువ్వుకుంట తిరిగిండు.

ఇద్దరూ కలిసే పెరిగిండ్రు. పిల్లకు పండ్లొచ్చింది నావల, నడకొచ్చింది నావల. నావకు పలకలు మార్చుకుంట, తారు పూసుకుంట వస్తె, పిల్లకు లంగలు మార్చుకుంట, జడలేసుకుంట వచ్చిండ్రు. నావ తోసే గడ పట్టుడు సుత హనుమండ్లే నేర్పిండు. "ఆడివిల్లకు గడ ఎందుకురా" అని ఎవలన్న అంటె, "మీ మొగపోరగాళ్లు పడుతలేరు గదా, మా పిల్ల పడుతది" అని మూతి మీద గొట్టినట్టు చెప్పేటోడు. ఆయనకు జరమొచ్చిన దినాలల్ల కోమలనే జనాన్ని గంగ దాటిచ్చేది.

గట్ల దాటిచ్చినప్పుడే కొంపమునిగింది.

రేవుకు జర ఎగువన గంగ మీద బ్రిడ్జి కడుతున్నరు. అది పూర్తయితె కరీంనగర్ దిక్కోళ్లు ఆదిలాబాద్ దిక్కుకు బస్సులల్ల, బండ్లల్ల రయ్యన పోతరు. రేవుకు దిక్కు మొక్కు ఉండదు. ఒక్కొక్క కంబం లేస్తుంటె హనుమండ్లుకు తన కంచంల కెల్లి ఒక్కొక్క ముద్ద ఎవలో తీసినట్టైతుండె. పొద్దుగాల లేస్తె బ్రిడ్జిని తిట్టుడు, పొద్దుగూకితె బ్రిడ్జిని తిట్టుడు. ఆ బ్రిడ్జి కాడ సిమెంటు కలిపే బండి నడుపుతడు ప్రణయ్ అనే పిల్లగాడు. సిరిసిల్లోడు, ఇంటికాడ బాపు బట్టలు నేసే సాంచెలు నడుపుతడు. దినామూ ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు కోమల నావల్నే పోయేటోడు. పోంగ పోంగ పిల్లకు నచ్చిండు. ఇద్దరు ఎములాడ రాజన్న గుడిల దండలు మార్చుకొని, బ్రిడ్జి అవుతలి కొస కాడ కిరాయి ఇంట్ల సంసారం పెట్టిండ్రు.

"కులం కాదు గదా, అందుకే గింత మండుతుండు" అని కొందరన్నరు. హనుమండ్లు వాళ్ల మీదికి లేచిండు. "కులం ఎవనిక్కావాలె? మంగలి పిల్లగాన్ని చేసుకున్నా, మహారాజును చేసుకున్నా నేను బరాబర్ కాళ్లు కడుగుదును. నా పొట్ట మీద కంబం పాతేటోడే దొరికిండా దానికి? గింత పెద్ద లోకంల ఆ బ్రిడ్జోడే దొరికిండా?" అని ఒర్రిండు. అదే ఆయన గోస. మళ్ల మళ్ల అదే అన్నడు. వినేటోళ్లకు చెవులు తూట్లు వడ్డయి.

పిల్ల ఫోన్ చేస్తె ఎత్తలే. ఓ నాడు అవుతలి ఒడ్డు మీద నిలవడి, చెయ్యి ఊపుకుంట "బాపూ!" అని పిలిచింది. ఈయన నిండ జనాన్ని ఎక్కిచ్చుకున్న నావను నడిగంగల కెల్లి ఎనుకకు తిప్పుకొచ్చిండు. "అరె, మా బర్రెను కొనేటోడు ఒడ్డు మీద చూస్తుండు, మమ్ముల దించి తిప్పుకోరాదయ్యా!" అని ఒకడు, "దవాఖానకు పోవాలె" అని ఒకామె మొత్తుకున్నా వినలే. ఆ నాటి సంది బిడ్డ పేరు నోట పలుకలే. సక్కుబాయి పెండ్లయిన కొత్తల్ల ఏమని పిలిచిందో గని, బిడ్డ పుట్టినకాడికెల్లి మొగన్ని "కోమల బాపూ" అనే పిలిచేది. అది సుత వద్దన్నడు. ఇగ ఆమె మొగన్ని పిలుచుడే బంద్ చేసింది. బువ్వ పెట్టి, కంచాన్ని గరిటెతోని కొట్టేది. ఆ సప్పుడు వినవడితె వచ్చి తినుడు.

ఇంట్ల నోరు మూపిచ్చిండు, సరే. రేవుల ఎట్ల మూపిస్తడు? రేవుల ప్రతి నావనూ పేరుతోనే పిలుస్తరు. "కోమల ఎప్పుడొస్తది?" "కోమల నిండిందా, ఇంకా జాగ ఉన్నదా?" "కోమల మస్తు తేలికయ్యా, ఎక్కితె ఊగినట్టే ఉండదు." పొద్దంత గిదే. కొంటె పోరగాళ్లు కావాల్నని అడిగేటోళ్లు: "కాకా, కోమల అవుతలొడ్డున ఉన్నదా, ఇవుతలొడ్డున ఉన్నదా?" మొగుడు కొట్టినందుకు గాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టయింది హనుమండ్లు పని. పిల్ల పోయిన బాధకంటె ఈ పలుకులే ముండ్లోలె గుచ్చుకున్నయి. "ఈ పేరే తీసేస్త! ‘గంగాభవాని’ అని రాపిస్త! ఎవడు అడుగుతడో సూస్త!" అని తీర్మానం చేసిండు. ఎట్లన్న మల్లన్న జాతర దగ్గరికొచ్చింది. జాతర గంగ అవుతలి ఒడ్డు మీద. ఆ రెండు దినాలు నావలకు పురుసత్ ఉండదు. అందుకని జాతరకు ముందు నావలన్నిటికి రంగులేస్తరు. ఆ రంగులల్లనే ఈ పేరు పోవాలన్నది ఆయన పట్టు.

పేర్లు రాసే హరీష్‌ను పిలిచిండు. హరీష్ డబ్బాలు, కుంచెలు పట్టుకొని వచ్చిండు. విషయం వినంగనే డబ్బా మూత మళ్ల పెట్టిండు.

"కాకా, రాసుడు నాకు చిటికెల పని. గని పాత పేరుకు పిట్టకు పెట్టినవా?"

"ఏంది?"

"పాత పేరు పోవాలె గదా. పోయినంకనే కొత్తది రాయాలె. పోకముందే రాస్తె రాసినోని చెయ్యి పడిపోతదని మా బాపు చెప్పిండు. నాకు గీ చెయ్యొక్కటే ఆధారం."

"నీ చెయ్యి పాడుగాను! ఎలక్షన్లల్ల గోడల మీద లీడర్ల మీసాలు రాసినప్పుడు పడిపోలే గని, నా నావ మీద నాలుగక్షరాలు రాస్తె పడిపోతదా?"

"లీడర్లు గంగల తేలరు కాకా" అని హరీష్ డబ్బాలు సదురుకొని రేకుల షెడ్డు దిక్కు నడిచిండు. ఆ షెడ్డు కింద నాగయ్య కూసుంటడు. రేవుల అందరికన్న ముసలోడు, హనుమండ్లుకు పెద్దబాపు వరుస. కండ్లు సగం కనవడయి గని, రేవు కట్టుబాట్లన్నీ ఆయన నోట్లనే ఉన్నయి. హనుమండ్లు సుత రుసరుసలాడుకుంట ఎనుకనే పోయిండు.

నాగయ్య అంతా విని, పొగాకు నలుపుకుంట నిమ్మళంగ చెప్పిండు. "పేరు పెట్టినప్పుడు పండుగ చేసినవు. తీసేటప్పుడు దినం చెయ్యొద్దా? మనిషి పోతె మూడొద్దులకు ఏం చేస్తం? వాళ్లకు ఇష్టమైంది వండి, ఇస్తారి పెట్టి, పేరు పెట్టి పిలుస్తం. కాకి వచ్చి ముడితె ఆ పానం తృప్తిగ పోయిందంటం. నావ పేరుకు సుత గంతే. నావను ఒడ్డుకు గుంజి బోర్లెయ్యాలె. పేరు పెట్టిన నాడు వండిన ఆడమనిషే మళ్ల వండాలె. నావ ఈపు మీద ఇస్తారి పెట్టి, పాత పేరుతోని పిలువాలె. పిట్ట ముట్టిందా, పేరు పోయింది, గీకేసి కొత్తది రాసుకో. పొద్దుగూకేదాక ముట్టలేదా, ఆ పేరు పోనన్నట్టు. ఇగ దాన్ని జిందగీల కదిలియ్యరాదు."

"కదిలిస్తె ఏమైతది?"

"ఒక్క కట్టెల రెండు పానాలెట్ల ఉంటయిర? నడిగంగల కొట్లాడుకుంటయి. ఏదో ఒకటి దిగిపోతది. పోయేది ఒక్కతే పోదు, ఎక్కినోళ్లను సుత తీస్కపోతది."

హనుమండ్లుకు ఒళ్లు మండింది. "ఎన్నటి ముచ్చట్లు పెద్దబాపూ ఇవి! సర్కారోళ్లు జిల్లాలకు జిల్లాలే పేర్లు మార్చిండ్రు. కరీంనగరంటిమి, జగిత్యాలయింది. ఆదిలాబాదంటిమి, మంచిర్యాలయింది. ఎవడన్న పిట్టకు పెట్టిండా?"

"పెట్టలే" అన్నడు నాగయ్య. "అందుకే గదా, ఏ పనికి ఏ ఆఫీసుకు పోవాల్నో తెల్వక పరేషానయితున్నం."

షెడ్డు కింద ఉన్నోళ్లంత పక్కున నవ్విండ్రు. హనుమండ్లు తుపుక్కున ఉమ్మేసి, హరీష్ చేతిల కుంచె గుంజుకొని నావ కాడికి పోయిండు. నేనే పూస్త, నాకెవని భయం అనుకుంట పేరు ముంగట నిలవడ్డడు. నిలవడ్డడు, నిలవడ్డడు. చెయ్యి లేవలే. గంగ భయమో, ఇంకేం భయమో ఆయనకే సమజ్ కాలే. "ఈ కుంచె బేకారున్నది, ఎంటికెలన్నీ ఊసిపోతున్నయి" అని ఇసిరికొట్టి ఇంటికి పోయిండు.

ఇంట్ల సక్కుబాయి చాపలు తోముతుంది. హనుమండ్లు గడప మీదికెల్లే చెప్పిండు. "ఎల్లుండి వండాలె. పిట్టకు పెడుతున్నం."

"ఎవలు సచ్చిండ్రు?"

"ఎవలు సావలే. నావ పేరు మారుస్తున్న. పాత పేరుకు పెట్టాలెనట."

సక్కుబాయి చేతిల చాప ఆగింది. "నావ పేరేంది?"

"నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. నీ నోట చెప్పు. నావ పేరేంది?"

హనుమండ్లు కోపమంత చెంబు మీద చూపిచ్చిండు. అది దొర్లుకుంట వాకిట్ల పడ్డది. సక్కుబాయి లేచి, చాప పొలుసు చేతులతోనే ఆయన ముంగటికొచ్చింది. "బతికున్న బిడ్డ పేరు మీద కాకికి కూడు పెడుతవా? నీకు మనసెట్ల ఒప్పిందయ్యా? తొమ్మిది నెలలు నేను మోసిన. పేరు నేను పెట్టిన. ఇప్పుడు నా చేతులతోనే దినం వండమంటున్నవా?"

"బిడ్డకు గాదే, నావకు! ఎన్నిసార్లు చెప్పాలె, నావకు!"

"ఇద్దరికీ ఒక్క నోటితోనే పెట్టిన పేరు. ఒకలకు తీసి ఒకలకు ఉంచుడు నాకు రాదు" అని పొయ్యిల నీళ్లు పోసింది. ఆ దినం పొయ్యి ముట్టలే. తెల్లారి సుత ముట్టలే. హనుమండ్లు రేవుల మిర్చీలు, బజ్జీలు తిని కడుపుల మంటకు ఇంత మంట కలుపుకున్నడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఇగ దిగుతడా? పెండ్లాం మీద ఒర్రిండు, అలిగిండు, పక్క గుడిసెల పండుకున్నడు. ఆఖరికి సక్కుబాయే వచ్చింది. ఆమె మొకంల కోపం లేదు, ఏడుపు లేదు. అదే ఆయనకు నచ్చలే.

"వండుత" అన్నది. "ఒక్క షర్తు. నేను పిలువ. పిట్టను నువ్వే పిలువాలె. పేరు పెట్టి పిలువాలె. రేవంత వినవడాలె."

"ఓస్, గంతేనా?" అన్నడు హనుమండ్లు.

గంతే. గని, ఆ గంత ఎంతనో తెల్లారినంక తెలిసింది.

జాతర మొదలయ్యే పొద్దున నావను నలుగురు పట్టి ఒడ్డుకు గుంజిండ్రు. బోర్లేసిండ్రు. తారు పూసిన ఈపు ఎండకు మెరిసింది. సక్కుబాయి గంప ఎత్తుకొని వచ్చి, నావ ఈపు మీద ఇస్తారి పరిచి, ఒక్కొక్కటి పెట్టింది. కొరమట్ట చాప పులుసు. సర్వపిండి, అంచులు మాడేదాక కాల్చింది. పచ్చిపులుసు. బెల్లం పెట్టిన అటుకులు. హనుమండ్లు సూసిండు. అవన్నీ ఎవల ఇష్టాలో రేవుల ప్రతివానికీ తెలుసు. నావలు సర్వపిండి తినయి గదా! ఆయన మొకం తిప్పుకున్నడు. సక్కుబాయి జర దూరం పోయి, ఇసుకల కూసున్నది.

"ఇగ పిలువు" అన్నడు నాగయ్య. "పెట్టినంక మనిషి ఆ ఇస్తారిని ముట్టరాదు, యాదివెట్టుకో. పిట్టన్న ముట్టాలె, పొద్దన్న గూకాలె."

హనుమండ్లు గొంతు సవరిచ్చుకున్నడు. "ఏయ్ కాకీ! రా!"

"కాకిని గాదుర. పేరును పిలువు."

"ఓ నావా, రా."

"నావకు పేరు లేదా?"

"...కోమల" అన్నడు. దగ్గినట్టు అన్నడు.

"పక్కకు కూసున్న నాకే వినవడలే" అన్నడు నాగయ్య. "మొగులు మీద ఎగిరే కాకికేం వినవడ్తది? నీళ్లల్ల కొట్టుకపోయేటోన్ని పిలిచినట్టు పిలువు."

హరీష్ రంగు డబ్బా ముంగట పెట్టుకొని కూసున్నడు. చుట్టూ జనం. జాతరకు పోయేటోళ్లు సుత ఆగి చూస్తుండ్రు. హనుమండ్లుకు పండ్లు పటపట కొరకబుద్ధయింది. ఆ కోపంల గట్టిగ, గంగ అద్దిరేటట్టు, "కోమలా!" అని ఒర్రిండు. ఎన్నో నెలలకు ఆ నోట ఆ పేరు. ఆయనకే చెవులు గుయ్యిమన్నయి.

కాకి రాలే.

ఉట్టి దినాలల్ల రేవుల కాకులు తప్ప ఏముంటయి? వలలు ఆరేస్తె కాకులు, చాపలు ఎండేస్తె కాకులు, బువ్వ మూట ఇప్పితె కాకులు. ఈ పొద్దు ఒక్కటన్న లేదు. అన్నీ కొబ్బరి ముక్కలకు, బోనాల మెతుకులకు మల్లన్న జాతర కాడికి పోయినయి. ఇస్తారి మీద ఈగలు ముసిరినయి. "ఈగ ముడితె నడవదా పెద్దబాపూ?" అని హనుమండ్లు అడిగిండు. "నడవది" అన్నడు నాగయ్య.

రేవుల ఇంకో నావోడు రంజిత్ మోటరు నావ బుడబుడమనుకుంట, నిండ జనంతోని ఆ ఒడ్డుకు పోయింది. మళ్ల వచ్చింది. మళ్ల పోయింది. "కాకా, జాతర కాడ మస్తు కాకులున్నయి, ఎక్కిచ్చుకొని రావాల్నా? వాటి కిరాయి నేనే పెట్టుకుంట!" అని ఒర్రిండు. నావల జనమంత నవ్విండ్రు. హనుమండ్లు గడ ఎత్తి చూపిచ్చిండు గని, అది నీళ్లల్లున్నోనికి అందుతదా? జాతర కిరాయంత కండ్ల ముంగట్నే పోతుంది. తన నావ కడుపు మీదికి ఏసుకొని పండుకున్నది. ఇంత చేస్తె ఒక్క కాకి దిక్కు లేదు.

"ఏదో ఆశ ఉన్నట్టుంది" అన్నడు ఒకడు. మనిషికి పెట్టినప్పుడు పిట్ట రాకుంటె, పోయినోళ్ల ఆశ ఏందో తలుచుకొని మాటిస్తరు. ఇగ అందరూ నావ ఆశేందో చెప్పుడు మొదలువెట్టిండ్రు. "కల్లు పోయిండ్రి, ఎన్ని కల్లు కుండలు మోసింది!" అని ఒకడు. "కొత్త పలక కోరుతుందేమో" అని ఇంకొకడు. కందకు లేని దురద కత్తిపీటకు! హనుమండ్లు అన్నిటికీ మాటిచ్చిండు. "కొత్త పలకేస్త, రా! గంగమ్మకు యాటను కోస్త, రా! రాగి బిళ్ల కొట్టిస్త, రా! ఇంకేం కావాలె నీకు, నా పానం గావాల్నా?"

రాలే.

"పేరు ఆశేందో, దాన్ని పెంచినోనికి తెల్వదా?" అన్నడు నాగయ్య, పొగాకు నలుపుకుంట.

హనుమండ్లు ఇసుకల కాలు తన్నిండు. సక్కుబాయి దిక్కు చూసిండు. ఆమె గంగ దిక్కు చూస్తుంది. "చూడు, చూడు! నీ కడుపు సల్లగుండా, నువ్వే ఆ కాకులకు ఏదో చెప్పినవు!" అని ఆమె మీద సుత ఒర్రిండు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. జనం ఒక్కొక్కరు జారుకున్నరు. హనుమండ్లు మాత్రం పిలుస్తనే ఉన్నడు. ముందుగాల కోపంతోని పిలిచిండు. ఆ తర్వాత పంతంతోని పిలిచిండు. పిలువంగ పిలువంగ గొంతు అలిసింది. అలిసినంక ఆ గొంతు దానంతటదే పాత తొవ్వ పట్టింది. కోమల చిన్నప్పుడు, బువ్వ యాళ్లకు ఇసుక దిబ్బల మీద ఎక్కడనో ఆడుకుంటుంటె, ఆయన నావ మీదికెల్లి ఎట్ల పిలిచేటోడో, గట్లనే వచ్చింది. ఆఖరి అక్షరం సాగదీసుకుంట. "ఓ కోమలా... కోమలా... రా బిడ్డా, బువ్వ సల్లారుతుందే..."

సక్కుబాయి తల ఎత్తి చూసింది.

గప్పుడొచ్చింది కాకి.

అవుతలి ఒడ్డు దిక్కుకెల్లి, నీళ్లను ఆనుకొని ఎగురుకుంట ఒక్కతే వచ్చింది. నావ కొస మీద వాలింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"కదలకుండ్రి" అన్నడు నాగయ్య సన్నగ. "వచ్చింది. పేరు పిలిస్తె వచ్చింది. హరీష్, గీకే కత్తి అందుకో."

హరీష్ కత్తి అందుకున్నడు. కాకి ఒక్క గెంతు గెంతింది. ఇంకో గెంతు గెంతింది. హనుమండ్లు కండ్లు దాని మీద్నే ఉన్నయి. పొద్దుగాలకెల్లి కాళ్లు మొక్కి, తిట్టి, బతిమిలాడి పిలిచిన కాకి. కోమలా అంటె వచ్చింది. సచ్చినోళ్లను పిలిస్తెనే గదా కాకి వచ్చేది? బతికున్నోళ్ల పేరు పిలిస్తె కాకి ఎందుకొస్తది? ఆ మాట ఎప్పుడైతె ఆయన మనసుల పడ్డదో, చెయ్యి గడ దిక్కు పోయింది. పొద్దున్నే ఫోన్ చేసిందా పిల్ల, నిన్న చేసిందా? ఎన్ని దినాలయింది చెయ్యక? తనకు తెల్వదు. తాను ఎత్తితె గదా తెలిసేది!

కాకి సర్వపిండి మీదికి ముక్కు వంచింది.

హనుమండ్లు గడ లేపి నావ ఈపు మీద ఫెడీమని కొట్టిండు. "హుష్! పో! పోవే నీ యవ్వ! నా బిడ్డ సావలే! అవుతలొడ్డున ఉన్నది నా బిడ్డ, బతికున్నది, సల్లగున్నది! ఎవలు రమ్మన్నరే నిన్ను?"

కాకి కావుమని లేచింది. హనుమండ్లు గడ పట్టుకొని దాని ఎంబడి నీళ్లదాక ఉరికిండు. మోకాళ్లదాక గంగల దిగి, మీదికి నీళ్లు సల్లుకుంట తిట్టిండు. ఏడుస్తుండో, తిడుతుండో తెలుస్తలేదు. రెండూ ఒక్కతాన్నే వస్తున్నయి.

"అరె పిచ్చోడా!" అని నాగయ్య కట్టె నేలకు కొట్టిండు. "మూతి పెట్టబోయిందిర! ఇగ నీ నావకు పేరెట్ల మారుతది!"

"మారొద్దు! నేనెప్పుడన్న మార్చుమన్ననా?" అన్నడు హనుమండ్లు. హరీష్ నోరెల్లబెట్టిండు.

సక్కుబాయి కొంగు నోట్ల కుక్కుకొని లేచొచ్చింది. "ఆ ఇస్తారి తీసి గంగల పారెయ్యిండ్రి" అన్నది.

"మనిషి ముట్టరాదంటి గదా" అన్నడు నాగయ్య. "పొద్దుగూకేదాక గది గట్లనే ఉండాలె. అప్పటిదాక ఏ పిట్ట ముట్టినా పేరు పోయినట్టే."

ఆ కాకి ఊకున్నదా? కొరమట్ట పులుసు వాసన పట్టి పోయింది, పోయి నలుగురికి చెప్పింది. జాతర కాడ సుత మెతుకులు ఒడిసినట్టున్నయి. పొద్దుగాల ఒక్కటి కండ్ల వడని కాకులు, ఇప్పుడు మందలు మందలుగ రేవు మీద కమ్ముకున్నయి. హనుమండ్లు నావ చుట్టూ గడ తిప్పుకుంట ఉరుకుతుండు. ముంగట ఒకదాన్ని కొడితె, ఎనుకకెల్లి రెండు దిగుతున్నయి. జాతర జనం "ఓ నావాయనా, దాటిస్తవా?" అని పిలుస్తుండ్రు. ఆయనకు వినవడుతనే లేదు. సక్కుబాయి కొంగు నడుముకు చెక్కి, మట్టిపెడ్డలు ఏరుకొని అవుతలి పక్క నిలవడ్డది.

"ఆ బ్రిడ్జోని మీద నా కోపం పోలే! గది యాదివెట్టుకో!" అని హనుమండ్లు రొప్పుకుంట ఒర్రిండు.

"పెట్టుకుంట గని, అటు సూడు కోమల బాపూ, కొస మీద వాలుతుంది, కొట్టు!" అన్నది సక్కుబాయి.

పొద్దుగూకేదాక ఆ ఇద్దరు ఒక్క కాకిని సుత ఆ ఇస్తారి మీద వాలనియ్యలే.